మంట ఆరాక మొదలయ్యే ముప్పు

ఫైర్‌మన్ కొలువుకు సిద్ధమవుతున్నారా? దేహదారుఢ్య పరీక్షతో పాటు ఏటా చేయించుకోవాల్సిన మరో పరీక్ష గురించీ తెలుసుకోండి.

నౌపడ, టెక్కలి, సంతబొమ్మాళి వైపు తెల్లారకముందే రోడ్డు మీదకొస్తే పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు కనిపిస్తారు. కొందరి లక్ష్యం ఆర్మీ, కొందరిది పోలీసు కానిస్టేబుల్, ఇంకొందరిది సీఐఎస్‌ఎఫ్. ఫైర్‌మన్ ఉద్యోగం కోసం ఎదురుచూసేవాళ్లూ వీళ్లలో ఉన్నారు. 2018 నవంబరులో రాష్ట్ర పోలీసు నియామక మండలి ఇచ్చిన 2,723 పోస్టుల నోటిఫికేషన్‌లో 400 ఫైర్‌మన్ పోస్టులు. 2022లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది కానీ అందులో ఫైర్‌మన్ లేదు. అందుకే ‘ఈసారి ఫైర్ ఉంటుందా’ అన్న ప్రశ్న కోచింగ్ సెంటర్లలో ఎప్పుడూ వినిపిస్తుంది.

దీనికి మరో కారణం కూడా తోడైంది. సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పోర్టు వస్తే దాని వెనకాలే గోదాములు, ఇంధన ట్యాంకులు, పరిశ్రమలు వస్తాయి. అవన్నీ ఉన్నచోట ఫైర్ సిబ్బంది ఉండాలి. ప్రభుత్వ కొలువు దొరకకపోయినా ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ డిప్లొమాతో ఏదో ఒక పని దొరుకుతుందన్న ఆశ ఇక్కడి యువతలో సహజం.

ఆశ మంచిదే. ఉద్యోగమూ మంచిదే. అయితే దరఖాస్తు నింపే ముందు ఈ పనికి సంబంధించిన ఒక విషయం మీకు తెలిసి ఉండాలి. ఫైర్‌మన్ అనగానే మంటలు, కూలే గోడలు, పేలే సిలిండర్లు గుర్తొస్తాయి. ఆ ప్రమాదాలు కంటికి కనిపిస్తాయి. కంటికి కనిపించని ప్రమాదం ఇంకొకటి ఉంది. అది పొగతో ఒంట్లోకి వెళ్లి, ఇరవై ముప్పై ఏళ్లు మౌనంగా ఉండి, పిల్లల చదువులు, పెళ్లిళ్ల వయసులో బయటపడుతుంది. దాని పేరు క్యాన్సర్.

2022లో ఏం తేల్చారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా క్యాన్సర్ కారణాలపై పరిశోధించే అంతర్జాతీయ సంస్థ ఒకటి ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఉంది. దాన్ని పొట్టిగా ఐఏఆర్‌సీ అంటారు. 2022 జూన్‌లో ఎనిమిది దేశాలకు చెందిన 25 మంది శాస్త్రవేత్తలు అక్కడ సమావేశమై, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించారు. అగ్నిమాపక వృత్తిలో ఎదురయ్యే పరిస్థితులు మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని నిర్ధారించి, ఆ వృత్తిని ‘గ్రూప్ 1’లో చేర్చారు. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్నది కూడా ఆ గ్రూపులోనే. అంతకుముందు, 2007 నాటి సమీక్షలో ఇదే వృత్తిని ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉంది’ అనే 2బి గ్రూపులో మాత్రమే పెట్టారు.

రెండు రకాల క్యాన్సర్ల విషయంలో తగినన్ని రుజువులు దొరికాయి. మొదటిది మీసోథెలియోమా, అంటే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్. రెండోది మూత్రాశయ క్యాన్సర్. పెద్దపేగు, ప్రొస్టేట్, వృషణాల క్యాన్సర్లు, మెలనోమా అనే చర్మ క్యాన్సర్, నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ విషయంలో పరిమితంగా రుజువులు ఉన్నాయని చెప్పారు.

ఇక్కడ ఒక్క విషయం సరిగ్గా అర్థం చేసుకోవాలి. గ్రూప్ 1 అంటే ‘ఈ పని చేసిన ప్రతివాడికీ క్యాన్సర్ వస్తుంది’ అని అర్థం కాదు. ‘ఈ పనికీ క్యాన్సర్‌కీ సంబంధం ఉందన్న రుజువు బలంగా ఉంది’ అని మాత్రమే. ఎవరికి ఎంత ముప్పు అన్నది ఎన్నేళ్లు పనిచేశారు, ఎలాంటి మంటలు ఆర్పారు, ముఖానికి ఏం పెట్టుకున్నారు, తర్వాత ఒళ్లు ఎప్పుడు కడుక్కున్నారు అన్న వాటి మీద ఆధారపడి ఉంటుంది. వీటిలో చాలావరకు మన చేతిలో ఉన్నవే. అందుకే ఈ సంగతి భయపడటానికి కాదు, ముందే జాగ్రత్తపడటానికి పనికొస్తుంది.

ఏం కాలుతోందన్నదే అసలు ప్రశ్న

ఒకప్పుడు ఊళ్లో పూరిల్లు అంటుకుంటే కాలేది తాటాకు, వెదురు, గడ్డి. ఇప్పుడు అదే ఇంట్లో టీవీ, ఫ్రిజ్, ఫోమ్ పరుపు, ప్లాస్టిక్ కుర్చీలు, కరెంటు వైర్లు, పైన సిమెంటు రేకులు ఉంటున్నాయి. ప్లాస్టిక్, రబ్బరు, ఫోమ్ కాలితే వచ్చే పొగలో బెంజీన్, ఫార్మాల్డిహైడ్, పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు ఉంటాయి. ఆస్‌బెస్టాస్ కలిసిన రేకులు వేడికి పగిలితే కంటికి కనపడనంత సన్నని పోగులు గాల్లో కలుస్తాయి. మీసోథెలియోమాకు ప్రధాన కారణం ఆ పోగులే.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పదుల సంఖ్యలో మరబోట్లు కాలిపోయిన ఘటన మీకు గుర్తుండే ఉంటుంది. బోట్లలో ఉండేది డీజిల్, గ్యాస్ సిలిండర్లు, నైలాన్ వలలు, రంగులు, ఫైబర్. మత్స్యకారులు కోల్పోయిన జీవనాధారం గురించి మాట్లాడుకున్నాం, మాట్లాడుకోవాలి కూడా. ఆ పొగలో గంటల తరబడి నిలబడి నీళ్లు కొట్టినవాళ్ల ఊపిరితిత్తుల గురించి కూడా ఆలోచించాలి. 1997 సెప్టెంబరులో విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో చెలరేగిన మంటల నుంచి 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా కంపెనీ ప్రమాదం దాకా, ఉత్తరాంధ్ర తీరంలో పెరిగిన పరిశ్రమలతో పాటు ప్రమాద స్థలంలో ఎదురయ్యే రసాయనాల రకాలూ పెరిగాయి.

విషం ముక్కులోంచే కాదు, చర్మంలోంచి కూడా వెళ్తుంది. మెడ, చెవుల వెనక, మణికట్టు, గజ్జలు లాంటి చోట్ల చర్మం పల్చగా ఉంటుంది. ఒళ్లు వేడెక్కి చెమట పట్టినప్పుడు అక్కడ అంటుకున్న మసి ఇంకా తేలిగ్గా లోపలికి ఇంకుతుంది. మసి పట్టిన కోటును స్టేషన్ గదిలో తగిలిస్తే అందులోంచి ఆవిర్లు వస్తూనే ఉంటాయి. షెడ్డులో ఫైరింజన్ స్టార్ట్ చేసి ఉంచితే వచ్చే డీజిల్ పొగ కూడా 2012 నుంచి గ్రూప్ 1లోనే ఉంది. ఇంధన మంటలు ఆర్పే కొన్ని రకాల నురగల్లో వాడుతూ వచ్చిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనం 2023లో ఆ జాబితాకెక్కింది.

అన్నిటికన్నా ఏమరుపాటుగా ఉండే సమయం మంట ఆరిన తర్వాత వస్తుంది. పెద్ద మంట పోయింది, ఇక కుప్పలు కదిపి లోపలున్న నిప్పు చల్లార్చాలి. పొగ పల్చబడింది కదా అని ఆ సమయంలో మాస్క్ తీసేస్తారు. కంటికి పొగ కనపడనంత మాత్రాన గాలి శుభ్రంగా ఉన్నట్టు కాదు.

మన జిల్లాకు ఈ పాఠం కొత్త కాదు

పొగకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మన శ్రీకాకుళం జిల్లాకు బాగా తెలుసు. చుట్ట కాలే వైపు నోట్లో పెట్టుకుని పీల్చే ‘అడ్డపొగ’ అలవాటు ఇక్కడి పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఉండేది. 1960ల్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధన బృందం దేశంలోని అయిదు జిల్లాల్లో నోటి ఆరోగ్యంపై సర్వే చేసింది. ఆ అయిదింటిలో శ్రీకాకుళం ఒకటి. అడ్డపొగ తాగేవారి అంగిలిలో వచ్చే మార్పులు, క్యాన్సర్ గురించి ప్రపంచ వైద్య పుస్తకాలకెక్కిన సమాచారంలో చాలా భాగం మన పల్లెల నుంచి వెళ్లిందే. నొప్పి ఉందో లేదో చూడకుండా ఊరూరా తిరిగి మామూలు మనుషుల నోళ్లు పరీక్షించడం వల్లే అది సాధ్యమైంది. ముందస్తు పరీక్ష అంటే అదే.

రెండో పాఠం పక్కనే ఉన్న ఉద్దానం చెప్పింది. కిడ్నీ జబ్బు మొదట్లో ఏ బాధా పెట్టదు. పనికి వెళ్తాం, అన్నం తింటాం, నిద్ర పడుతుంది. కాళ్లు వాచి, ఆయాసం వచ్చేసరికి కిడ్నీలు చాలావరకు పాడైపోయి ఉంటాయి. ఊళ్లలో రక్తపరీక్షలు చేసిన తర్వాతే అక్కడి సమస్య ఎంత పెద్దదో బయటికొచ్చింది. ఇప్పుడు చదువు రాని అమ్మమ్మ కూడా ‘క్రియాటినిన్ ఎంతుంది?’ అని అడుగుతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వాటి వెనక ఏళ్ల తరబడి జరిగిన పరీక్షలు, పోగైన లెక్కలు ఉన్నాయి.

లెక్క తేలని జబ్బుకు ఆసుపత్రి రాదు, నిధులు రావు, చట్టం రాదు. అగ్నిమాపక సిబ్బంది విషయంలో మనం నేర్చుకోవాల్సిందీ ఇదే.

న్యూయార్క్ చెప్పిన లెక్క

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట భవనాలు కూలినప్పుడు ఆ నగర అగ్నిమాపక శాఖకు చెందిన 343 మంది ఒక్కరోజే చనిపోయారు. ఆ శిథిలాల దుమ్ములో నెలల తరబడి పనిచేసినవాళ్లకు తర్వాత క్యాన్సర్లు, శ్వాసకోశ జబ్బులు వచ్చాయి. ఆ జబ్బులతో మరణించిన వాళ్ల సంఖ్య 2023 సెప్టెంబరు నాటికి సరిగ్గా 343కి చేరి, తర్వాత దాన్ని దాటింది. మంటల్లో పోయినవాళ్లకన్నా, మంటలు ఆరాక పోయినవాళ్లు ఎక్కువయ్యారు.

ఆ శాఖకు ఒక మంచి అలవాటు ఉండేది. 2001కి ముందు నుంచే సిబ్బందికి క్రమం తప్పకుండా వైద్య పరీక్షలు చేసి రికార్డులు దాచేది. దాంతో ప్రమాదానికి ముందు ఒక మనిషి ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి, తర్వాత ఎలా మారాయి అన్నది కాగితం మీద చూపించగలిగారు. సిబ్బంది ఆరోగ్యాన్ని ఏటా పరిశీలించే కార్యక్రమం ఏర్పడింది. 2012లో చికిత్స అందించే జబ్బుల జాబితాలో క్యాన్సర్లను కూడా చేర్చారు. అమెరికా అంతటికీ కలిపి అగ్నిమాపక సిబ్బంది క్యాన్సర్ రిజిస్టర్ పెట్టాలని 2018లో చట్టం చేశారు. 2023 ఏప్రిల్ నుంచి అందులో పేర్లు నమోదు చేస్తున్నారు. జబ్బు ఉన్నవాళ్లే కాదు, లేనివాళ్లూ అందులో చేరొచ్చు. పోల్చి చూడాలంటే ఇద్దరి వివరాలూ కావాలి కదా.

కెనడాది ఇంకో దారి. 2002లో మానిటోబా రాష్ట్రం ఆ దేశంలో మొదటిసారి ఒక చట్టం తెచ్చింది. నిర్ణీత కాలం సర్వీసు చేసిన ఫైర్‌మన్‌కు జాబితాలోని క్యాన్సర్ వస్తే, అది ఉద్యోగం వల్లే వచ్చినట్టు ముందే ఒప్పుకుంటారు. ‘ఏ మంట దగ్గర, ఏ తేదీన నీకు క్యాన్సర్ అంటుకుంది’ అని రోగిని అడగరు. కాదని అనుకుంటే రుజువు చేసుకోవాల్సింది అవతలివాళ్లే. 2023లో కెనడా పార్లమెంటు ఈ క్యాన్సర్లపై జాతీయ కార్యాచరణ రూపొందించాలని చట్టం చేసింది.

మన చట్టంలో ఏముంది?

ఇలాంటి ఆలోచన మన దేశంలో లేదనుకుంటే పొరపాటు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలోనే వృత్తి జబ్బుల జాబితా ఉంది. జాబితాలోని పనిలో ఉన్నవాడికి జాబితాలోని జబ్బు వస్తే, దాన్ని పనిలో జరిగిన ప్రమాదంతో సమానంగా చూడాలన్నది ఆ చట్టం సూత్రం. కొన్ని జబ్బులకు ఆరు నెలలు వరసగా ఆ పనిలో ఉండాలన్న షరతు ఉంది.

ఆ జాబితా తెరిచి చూస్తే మన విషయానికి నేరుగా తగిలే రెండు జబ్బులు కనిపిస్తాయి. ఒకటి, ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథెలియోమా. రెండు, మూత్రాశయం లోపలి పొరలో పుట్టే క్యాన్సర్. 2022లో శాస్త్రవేత్తలు ఫైర్ సిబ్బంది విషయంలో గట్టిగా తేల్చిన రెండు క్యాన్సర్లూ ఇవే. పైగా ఈ చట్టం వర్తించే ఉద్యోగుల జాబితాలో ఫైర్ బ్రిగేడ్‌లో పనిచేసేవాళ్లూ ఉన్నారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రత కోడ్‌లో ఈ చట్టాన్ని కలిపారు. వృత్తి జబ్బుల జాబితా అందులోనూ కొనసాగింది. నాలుగు లేబర్ కోడ్‌లనూ కేంద్రం 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చింది.

మరి సమస్య ఎక్కడుంది? ఆ రెండు జబ్బుల ఎదుట ‘ఆ ముప్పుకు గురయ్యే పని’ అని రాసి ఉంటుందే తప్ప ‘అగ్నిమాపక పని’ అని విడిగా ఉండదు. అంటే తాను ఫలానా విషానికి గురయ్యానని ముందు ఉద్యోగి చూపించాలి. ఇరవై అయిదేళ్ల కిందట ఏ గోదాములో ఏం కాలిందో, ఆ రోజు తాను ఎన్ని గంటలు పొగలో ఉన్నాడో ఎవరు చెప్పగలరు? స్టేషన్ రికార్డులో ప్రమాదం జరిగిన చోటు, సమయం, నష్టం విలువ ఉంటాయి. ఏ ఫైర్‌మన్ ఏ పొగ ఎంతసేపు పీల్చాడన్నది కూడా రాసి ఉంటేనే ఆ కాగితం అతనికి అక్కరకొస్తుంది. చట్టంలో తలుపు ఉంది, తాళంచెవి రికార్డులో ఉంది.

కేంద్ర హోంశాఖ 2023 జులైలో రాష్ట్రాల అగ్నిమాపక శాఖల విస్తరణ, ఆధునికీకరణకు రూ.5,000 కోట్ల పథకం ప్రారంభించింది. వాహనాలు, పరికరాలు, శిక్షణ కావాల్సినవే. వాటితో పాటు రాష్ట్రాలు మూడు పనులు చేస్తే పెద్దగా ఖర్చు కాదు: ఏటా జరిగే వైద్య పరీక్షలో క్యాన్సర్ పరీక్షలను చేర్చడం, ప్రతి ఫైర్‌మన్‌కూ పొగ రికార్డు తెరవడం, వృత్తి జబ్బుల జాబితాలో అగ్నిమాపక పనిని పేరుపెట్టి చేర్చాలని కేంద్రాన్ని కోరడం. రేపు శాఖలో చేరి సంఘంలో సభ్యులయ్యేది మీరే కాబట్టి ఈ మూడూ గుర్తుపెట్టుకోండి.

పరీక్షంటే భయం ఎందుకు?

ఉద్యోగంలో చేరేటప్పుడు చేసే మెడికల్ టెస్టు శాఖ కోసం. మీరు పనికొస్తారా లేదా అని వాళ్లు చూసుకుంటారు. ఆ తర్వాత ఏటా చేయించుకునేది మీ కోసం. ఈ తేడా తెలియకే చాలామంది పరీక్షకు వెనకాడతారు. ‘ఏదో ఒకటి బయటపడితే అన్‌ఫిట్ అంటారేమో, ప్రమోషన్ ఆగిపోతుందేమో’ అన్న భయం ఉంటుంది. ఆ భయం అర్థం చేసుకోదగినదే. అందుకే పరీక్ష ఫలితాలు గోప్యంగా ఉంచడం, చికిత్స కాలంలో కంట్రోల్ రూమ్ లాంటి తేలిక డ్యూటీ ఇవ్వడం పైవాళ్ల బాధ్యత. ఆ హామీ లేకుండా ఎన్ని క్యాంపులు పెట్టినా జనం రారు.

ఏ పరీక్షలు అవసరం? ఇది వయసును బట్టి మారుతుంది. ఇరవైల్లో ఉన్నప్పుడు ఏటా మూత్ర పరీక్ష, రక్తపరీక్ష, బీపీ, ఊపిరితిత్తుల సామర్థ్యం చూసే స్పైరోమెట్రీ చాలు. చర్మం మీద మచ్చలు, వృషణాల్లో గడ్డలు ఉన్నాయేమో ఎవరికి వారు చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ముప్పై దాటినవాళ్లకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ముందస్తు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేసే జాతీయ కార్యక్రమం ఉంది. నలభై అయిదు వచ్చేసరికి పెద్దపేగు పరీక్ష గురించి, యాభై దగ్గర ప్రొస్టేట్ పరీక్ష గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

ల్యాబ్‌లు ప్రకటనల్లో చూపించే ‘ఫుల్ బాడీ క్యాన్సర్ ప్యాకేజీ’లకు డబ్బులు పోయకండి. లక్షణాలేవీ లేని మనిషికి ట్యూమర్ మార్కర్ పరీక్షలు వరసపెట్టి చేస్తే ఉపయోగం కన్నా కంగారే ఎక్కువ. అలాగే ఛాతీ సీటీ స్కాన్ అందరికీ కాదు. ఎన్నేళ్లు సిగరెట్ తాగారు, వయసెంత అన్నది చూసి డాక్టర్ చెప్పాలి. పరీక్షకు వెళ్లినప్పుడు ‘నేను ఫైర్ సర్వీసులో పనిచేస్తున్నాను’ అని మీరే ముందుగా చెప్పండి. మన ఆసుపత్రుల రద్దీలో మీ వృత్తి ఏమిటని అడిగే తీరిక అందరికీ ఉండదు.

కొన్ని సంకేతాలు కనిపిస్తే ఏడాది పరీక్ష దాకా ఆగకూడదు. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం వాటిలో ముఖ్యమైనది. ఒక్కసారి కనిపించి పోయినా నిర్లక్ష్యం చేయొద్దు, వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకోవద్దు. మూడు వారాలైనా మానని నోటిపుండు, తగ్గని దగ్గు, కొత్తగా మొదలైన ఆయాసం, రంగు లేదా ఆకారం మారిన పుట్టుమచ్చ, మలవిసర్జన తీరులో మార్పు, ఎక్కడైనా గడ్డ కూడా అలాంటివే. టెక్కలి జిల్లా ఆసుపత్రిలోనో శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలోనో మొదట చూపించుకోవచ్చు. క్యాన్సర్ అని తేలితే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ ఆధ్వర్యంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముంబయి దాకా పోవాల్సిన పనిలేదు.

మొదటి రోజు నుంచే మొదలవ్వాలి

ముప్పు తగ్గించే పనుల్లో చాలావరకు సబ్బు, నీళ్లతో అయ్యేవే. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఇవి అలవాటు కావాలి. మంట పూర్తిగా చల్లారి, కుప్పలు కదిపే పని ముగిసేదాకా బ్రీతింగ్ ఆపరేటస్ సెట్ తీయకండి. పని అవగానే అక్కడే ముఖం, మెడ, చేతులు తడిగుడ్డతో తుడుచుకోండి. కోటు, బూట్ల మీద మసిని నీళ్లతో కడిగాకే వాహనం ఎక్కండి. గంటలోపు సబ్బుతో స్నానం చేయండి. మసి చేతులతో టీ బిస్కెట్ తినొద్దు. డ్యూటీ బట్టలు ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

మసి పట్టిన కోటును గర్వంగా చూసుకునే అలవాటు ప్రపంచమంతా ఫైర్ స్టేషన్లలో ఉండేది. ఎంత మసి ఉంటే అంత అనుభవం అన్నమాట. ఇప్పుడు ఆ లెక్క మారుతోంది. శుభ్రమైన కోటు వేసుకున్నవాడే పని తెలిసినవాడు. సిగరెట్, గుట్కా, చుట్ట గురించి వేరే చెప్పక్కర్లేదు. మూత్రాశయ క్యాన్సర్‌కు పొగాకు పెద్ద కారణం. డ్యూటీలో తప్పని పొగకు జేబులో ఉన్న పొగ కూడా తోడైతే ఒంటికి రెండు వైపులా దెబ్బ.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, చోటు, ఏం కాలింది, ఎంతసేపు ఉన్నారు, మాస్క్ ఉందా లేదా, తర్వాత దగ్గు, తలనొప్పి వచ్చాయా అన్నవి రెండు లైన్లలో రాయండి. ఫోన్‌లో రాసుకున్నా ఫర్వాలేదు కానీ ఫోన్ మారినప్పుడు పోకుండా చూసుకోండి. వైద్య పరీక్షల కాగితాలన్నీ ఒకే ఫైల్‌లో దాచండి. ఇప్పుడు పనికిరానట్టు అనిపించే ఆ పుస్తకమే మీ యాభయ్యో ఏట మీకు సాక్షి.

ఆఫర్ లెటర్ చేతికొచ్చినప్పుడు

ప్రభుత్వ శాఖలో చేరితే ఉద్యోగుల ఆరోగ్య పథకం ఈహెచ్‌ఎస్ వర్తిస్తుంది, పింఛనుదారులకూ ఉంటుంది. ఈ జబ్బు రిటైరయ్యాక కూడా బయటపడొచ్చు కాబట్టి ఆ రెండో భాగం ముఖ్యం. పోర్టు, ఫార్మా, రిఫైనరీల్లో కాంట్రాక్టు మీద చేరేవాళ్లకు అంత భరోసా ఉండదు. నెల జీతం రూ.21 వేల లోపు ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుందేమో చూసుకోవాలి. ఆ పైన అయితే కంపెనీ బీమా ఏ జబ్బులకు, ఎంతవరకు అన్నది చదవాలి. గల్ఫ్‌కు సేఫ్టీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు తిరిగొచ్చాక ఆ బీమా ఆగిపోతుందన్న సంగతి మరిచిపోకూడదు.

చేరే ముందు అయిదు ప్రశ్నలు అడగండి. ఒక్కొక్కరికీ విడిగా బ్రీతింగ్ సెట్ మాస్క్ ఇస్తారా? ఒక కోటు ఉతుకుతుంటే వేసుకోవడానికి రెండోది ఉంటుందా? ఏటా ఆరోగ్య పరీక్ష చేయిస్తారా, రిపోర్టు కాపీ మాకిస్తారా? ఏ రసాయనాలు నిల్వ ఉన్నాయో జాబితా చూపిస్తారా? జబ్బు చేస్తే సెలవు, జీతం సంగతేంటి? యజమాని సొంత ఖర్చుతో ఏటా ఆరోగ్య పరీక్ష చేయించే నిబంధన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం కోడ్‌లో ఉంది. నిర్దేశించిన వయసు, వర్గాల ఉద్యోగులకు అది వర్తిస్తుంది. కాబట్టి ఈ ప్రశ్నలు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. సేఫ్టీ కోర్సు చదివినవాళ్లు ఇవి అడిగితే ఇంటర్వ్యూ బోర్డు తప్పు పట్టదు. మీకు పని తెలుసని అనుకుంటుంది.

ఈ రంగంలోకి అమ్మాయిలూ వస్తున్నారు. నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక సేవా కళాశాలలో చదివి హర్షిణి కన్హేకర్ దేశంలో తొలి మహిళా ఫైర్‌ఫైటర్‌గా పేరు తెచ్చుకున్నారు. ఇప్పటిదాకా క్యాన్సర్ అధ్యయనాలు ఎక్కువగా మగ సిబ్బంది మీదే జరిగాయి. మగవాళ్ల కొలతలకు కుట్టిన కోటు అమ్మాయిలకు వదులుగా ఉంటే ఆ సందుల్లోంచి పొగ లోపలికి వెళ్తుంది. సరైన సైజు అడిగి తీసుకోవడం కూడా ఆరోగ్య రక్షణలో భాగమే.

తోటి ఉద్యోగికి జబ్బు వస్తే

క్యాన్సర్ వచ్చిన ఫైర్‌మన్‌కు చికిత్స ఒక్కటే సరిపోదు. నౌపడ నుంచి విశాఖకు కీమోథెరపీకి వెళ్లి రావాలంటే రోజంతా పోతుంది, తోడు ఒకరు ఉండాలి, ఆ తోడు వచ్చినవాళ్ల కూలీ కూడా పోతుంది. సెలవు అర్జీలు, బిల్లుల రీయింబర్స్‌మెంట్, పరిహారం దరఖాస్తు లాంటివి ఒంట్లో ఓపిక లేనివాడు చేసుకోలేడు. స్టేషన్‌లో ఒకరు ఆ కాగితాల బాధ్యత తీసుకుంటే, ఇద్దరు వంతులవారీగా ఆసుపత్రికి తోడు వెళ్తే, రక్తం కావాల్సినప్పుడు ముందుకొస్తే ఆ కుటుంబానికి కొండంత అండ. తిరిగి డ్యూటీకి వచ్చినప్పుడు జాలిగా చూడకుండా పని అప్పజెప్పడం కూడా సాయమే.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ ప్రాణాలు వదిలిన సిబ్బంది జ్ఞాపకార్థం ఏటా ఆ రోజున అగ్నిమాపక దినం, వారం పాటు వారోత్సవాలు జరుపుతున్నాం. మంటల్లో పోయినవాళ్లను తలచుకోవడం మన ధర్మం. ఆ వారంలోనే ప్రతి స్టేషన్‌లో ఒక వైద్య శిబిరం పెడితే, పొగ వల్ల తర్వాతెప్పుడో పోబోయేవాళ్లలో కొందరినైనా కాపాడుకోవచ్చు.

ఫైర్‌మన్ కావాలనుకుంటే తప్పకుండా కండి. పరుగు ఆపకండి, పుస్తకం మూయకండి. ఎదుటివాళ్ల ప్రాణం కోసం పొగలోకి వెళ్లే ధైర్యం ఎంత అవసరమో, బయటికొచ్చాక ఒళ్లు కడుక్కుని, ఏడాదికోసారి డాక్టర్ ముందు కూర్చునే ఓపిక కూడా అంతే అవసరం.